తొంభై రోజుల బీరు

మా అత్తగారు జన్మలో బీరు నోట పెట్టలేదు. అయినా 2006 చలికాలంలో, షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా ఇంట్లో ఆర్నెల్లు ఉండడానికి వచ్చినప్పుడు, రెండుసార్లు బీరు తయారీలో చేయి పెట్టారు. మొదటిసారి చెడగొట్టారు. రెండోసారి దగ్గరుండి కాచారు. రెండూ మంచి మనసుతోనే చేశారు కాబట్టి ఆవిడను ఏమీ అనడానికి లేకపోయింది. నాకు కోపం ముక్కుమీద ఉంటుందని మా బంధువులందరికీ తెలుసు. అలాంటిదాన్ని, ఆ వారం నోరు మూసుకుని ఉండడానికి ఎంత కష్టపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

బీరు మాది కాదు, పక్కింటి పెద్దాయనది. ఆయన చెక్ దేశస్థుడు. పిల్సెన్ అనే ఊరు వాళ్ళది. 1968లో సోవియట్ ట్యాంకులు వాళ్ళ దేశంలోకి వచ్చినప్పుడు, పాతికేళ్ళ వయసులో సరిహద్దు దాటి వచ్చేశారు. షికాగోలో ముప్పై ఏళ్ళు మెషిన్ షాపులో పనిచేసి, రిటైరై, మా పక్కన ఇల్లు కొనుక్కున్నారు. భార్య పోయింది. కూతురు మిల్వాకీలో ఉంటుంది. ఇంట్లో ఆయనా, బేస్‌మెంట్‌లో ఆయన బీరూ. బీరు కాయడం మంచి హాబీ అని నేనొకసారి అంటే ఆయనకు నచ్చలేదు. "మీ ఇంట్లో అన్నం వండుకోవడం హాబీనా?" అని అడిగారు.

మేం ఆ ఇంట్లో దిగిన వేసవిలోనే ఆయన మమ్మల్ని వెనక పెరట్లోకి పిలిచి గ్లాసులు చేతికిచ్చారు. మా ఆయన మహా అనుభవజ్ఞుడిలా గ్లాసు ఏటవాలుగా పట్టుకుని, నురగ ఒక్క చుక్క లేవకుండా నింపుకున్నాడు. పెద్దాయన ఆ గ్లాసును ఆయన చేతిలోంచి లాక్కుని గడ్డిలో పారబోశారు. నిజంగానే పారబోశారు.

"అదేంటి, మా హాస్టల్లో ఇలా పోసేవాడికే బాటిల్ అప్పజెప్పేవాళ్ళం" అన్నాడు మా ఆయన నాతో తెలుగులో, చిన్నబుచ్చుకుని. మన దగ్గర నురగంటే షాపువాడు చేసిన మోసం. చెక్ వాళ్ళ దగ్గర నురగ లేకపోతే మోసం. గ్లాసును ముందు చన్నీళ్ళతో కడిగి, తడి తడిగానే బీరు పీపా కుళాయి కింద పెట్టి, మూడు వేళ్ళ మందాన తెల్లటి నురగ నిలిచేలా పోశారు పెద్దాయన. కింద బీరుకు గాలి తగిలి చప్పబడకుండా ఆ నురగ కాపలా కాస్తుందట. తాగుతుంటే పెదవికి ముందు అదే మీగడలా తగలాలట.

నేనూ తాగాను. దాచడమెందుకు, ఆ రోజు వరకు బీరంటే నాకు పడేది కాదు. ఆఫీస్ పార్టీల్లో ఇచ్చేది నాకు సోడాలో నానిన అట్టముక్కలా ఉండేది. ఇది వేరు. మొదట చేదు తగిలింది, నాలుక ముడుచుకునేంత చేదు. వెనకాలే బార్లీ తీపి వచ్చింది. బెల్లం వేసిన కాకరకాయ పులుసులో చేదూ తీపీ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో అలా ఉంది. కాకరకాయ పులుసు ఇష్టపడే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఆ బీరు నచ్చకుండా ఎలా ఉంటుంది?

అప్పటినుంచి ఆయన పాఠాలు మొదలుపెట్టారు. వాళ్ళ ఊరి నీళ్ళు చాలా మెత్తనివట, ఉప్పూ సున్నం దాదాపు ఉండవట. అందుకని ఇక్కడి కుళాయి నీళ్ళు ఆయన వాడరు. స్టోర్ నుంచి డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు మోసుకొచ్చి, వాటిలో కుళాయి నీళ్ళు కాసినే కలుపుతారు. చేదు కోసం వేసే హాప్స్ పూలు వాళ్ళ దేశం నుంచే తెప్పించుకునేవారు. ఎండిన పచ్చపూలు, నలిపితే కోసిన గడ్డి వాసన, కాస్త మిరియాల ఘాటు. వీటన్నిటికంటే ముఖ్యమైంది చలి. ఆ బీరు చల్లని చోట నింపాదిగా పులియాలి. పులిసిన తర్వాత ఇంకా చల్లని చోట, గడ్డకట్టడానికి కొంచెం ఇవతల, తొంభై రోజులు కదలకుండా పడుండాలి. ఇలాంటి బీరును లాగర్ అంటారని, ఆ మాటకు అర్థమే నిల్వ పెట్టడమని ఆయన చెప్పారు. ఓపిక లేనివాడు ఈ బీరు జోలికి రాకూడదని కూడా చెప్పారు, అదేమిటో నావైపే చూస్తూ.

2005 డిసెంబరులో ఒకరోజు ఆయన మా తలుపు తట్టి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "మా అన్న వస్తున్నాడు" అన్నారు. ఏప్రిల్ మొదటి వారంలో, రెండు వారాలకు. ముప్పై ఏడేళ్ళ తర్వాత.

కాఫీ ఇచ్చి కూర్చోబెడితే మిగతాది చెప్పారు. ఆయన సరిహద్దు దాటినప్పుడు వాళ్ళన్న పిల్సెన్‌లోనే ఒక బ్రూవరీలో, నేల కింద బీరు నిల్వచేసే సెల్లార్‌లో పనిచేసేవాడట. మంచి పనివాడట. తమ్ముడు దేశం విడిచి పారిపోయాడని తెలిసిన నెలలోనే పైవాళ్ళు అన్నను సెల్లార్‌లోంచి తీసేసి, లారీలకు డబ్బాలు ఎక్కించే పనిలో పెట్టారు. పదకొండేళ్ళు ఆ పనే. అన్న ఒక్క ఉత్తరంలో కూడా ఆ సంగతి రాయలేదు. చుట్టాలెవరో చెబితే చాలా ఏళ్ళకు ఈయనకు తెలిసింది. తెలిసినా ఈయన అడగలేదు, క్షమించమనీ అనలేదు. క్రిస్మస్‌కు రెండు నిమిషాలు ఫోన్లో వాతావరణం గురించి మాట్లాడుకునేవారు. అంతే.

"నాకు మాటలు రావు. వాడికీ రావు. వాడి ముందు మా ఊరి బీరు లాంటి బీరు ఒక గ్లాసు పెట్టగలిగితే చాలు, మిగతాది వాడికి అర్థమవుతుంది" అన్నారు పెద్దాయన. "కానీ వాడు అబద్ధం చెప్పడు. బాగాలేకపోతే బాగాలేదనే అంటాడు."

లెక్క ప్రకారం జనవరి మొదట్లో కాస్తే ఏప్రిల్‌కు తొంభై రోజులు దాదాపు సరిపోతాయి. కాచారు. రెండు పెద్ద గాజు సీసాల్లో పోసి, బేస్‌మెంట్‌లో ఉత్తరం వైపు గదిలో పెట్టారు. గది చల్లగా ఉండాలని చిన్న కిటికీ జానెడు తెరిచి ఉంచారు. ఒక్కో సీసా మూతికి వంకర గొట్టం. అందులోని నీళ్ళల్లోంచి అప్పుడొక బుడగ, అప్పుడొక బుడగ వస్తుండేది. అంతలో ఆయనకు ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న హెర్నియా ఆపరేషన్ తేదీ వచ్చింది. పది రోజులు కూతురింట్లో ఉండాలి. తాళంచెవి నాకిచ్చి, "రోజూ ఒకసారి చూడండి. బుడగలు వస్తున్నాయా లేదా, అంతే. ఏదీ ముట్టుకోవద్దు" అని మిల్వాకీ వెళ్ళారు.

ఆ వారం మా ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్. నేను పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి దాకా రావడం లేదు. తాళంచెవి అత్తగారికిచ్చాను. "అత్తయ్యా, పక్కింట్లో కింద గదిలో రెండు సీసాలుంటాయి. బుడగలొస్తున్నాయో లేదో చూసి రండి చాలు" అన్నాను. కిటికీ సంగతి చెప్పలేదు. చలి సంగతి చెప్పలేదు. ముట్టుకోవద్దన్న మాట కూడా చెప్పలేదు. కాబట్టి తప్పులో సగం నాది, ఎవరడిగినా ఒప్పుకుంటాను.

ఇక్కడ మా ఇంటి దోసెల పిండి గురించి చెప్పాలి. అత్తగారు తెనాలి నుంచి వచ్చిన మొదటి వారంలో రుబ్బిన పిండి మూడు రోజులైనా పొంగలేదు. ఆవిడ దాన్ని పరువు సమస్యగా తీసుకున్నారు. గుళ్ళో పరిచయమైనవాళ్ళు చెబితే, ఓవెన్‌లో లైటు వేసి, గిన్నెకు శాలువా చుట్టి లోపల పెట్టారు. తెల్లారేసరికి పిండి పొంగి గిన్నె దాటి ఓవెన్ అంతా పాకింది. ఆ ఓవెన్ తుడవడానికి నాకు గంట పట్టింది. ఆవిడ మాత్రం అమెరికా చలిని గెలిచానని తెనాలికి ఫోన్ చేసి చెప్పుకున్నారు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర, మజ్జిగ పోస్తూ, ఆవిడే సంతోషంగా మొదలుపెట్టారు.

"పాపం, పక్కింటి అన్నయ్యగారు కిటికీ వేయడం మర్చిపోయి ఎళ్ళాడమ్మాయీ. గదంతా మంచుగడ్డ. బుడగ ఒకటొచ్చాక ఇంకోటి రావడానికి ఎంతసేపో. కిటికీ మూసేసి, మన హీటర్ తీసుకెళ్ళి పెట్టా. రెండు సీసాలకీ దుప్పట్లు కప్పా. ఇప్పుడు చూడు, టకటకా వస్తన్నయ్."

"ఎప్పుడు పెట్టారత్తయ్యా?"

"సోమవారం."

నేను అన్నం వదిలేసి పరిగెత్తాను. గదిలోకి అడుగు పెట్టగానే చక్కెరకేళి గెల మగ్గబెట్టిన వాసన కొట్టింది. మా ఇంటి పూలపూల దుప్పట్లు కప్పుకుని రెండు సీసాలూ హాయిగా ఉన్నాయి. బుడగలు కుక్కర్ మీద ఆవిరిలా ఆగకుండా తన్నుకొస్తున్నాయి. హీటర్ ఆపి, కిటికీ తెరిచి, మెట్లమీద కూలబడ్డాను. నా వెనకే వచ్చిన మా ఆయన వాసన చూసి, "మళ్ళీ చల్లబడితే సర్దుకుంటుందిలే, ఆయనకేం తెలుస్తుంది" అన్నాడు. గ్లాసు ఏటవాలుగా పట్టుకునే మనిషి ఇంకేమంటాడు.

ఇంటికొచ్చి అత్తగారికి విషయం చెప్పాను. ఎంత మెల్లగా చెప్పాలనుకున్నా నా గొంతు నా మాట వినలేదు. ఆవిడ మొదట నమ్మలేదు. "చల్లగా ఉంటే పులవడమేంటి, ఎక్కడన్నా ఉందా?" అన్నారు. వాళ్ళన్న ముప్పై ఏడేళ్ళకు వస్తున్నాడని, ఆ బీరు ఆయన కోసమని చెప్పాక మాత్రం ఆవిడ మొహం మాడిపోయింది. కలుపుకున్న అన్నం పక్కన పెట్టేశారు. నాకప్పుడు కోపం పోయి జాలేసింది.

"ఇప్పుడే ఫోన్ చెయ్యమాక. ఆపరేషనైన మనిషి. రానియ్యి, నేనే చెప్తా" అన్నారు.

చెప్పారు. పెద్దాయన వచ్చిన రోజునే డబ్బాలో సున్నుండలు పట్టుకుని వెళ్ళి, ఆయన ఎదురుగా నిలబడి, తెలుగులో జరిగిందంతా వరసగా చెప్పారు. నేను ఇంగ్లీషులోకి మార్చాను. దుప్పట్ల దగ్గర నా గొంతు బాగా తగ్గింది. పెద్దాయన రెయిలింగ్ పట్టుకుని బేస్‌మెంట్‌లోకి ఒక్కో మెట్టూ దిగారు. సన్నని గొట్టంతో కాస్త బీరు గ్లాసులోకి తీసి వాసన చూశారు.

"అరటిపండు" అన్నారు.

చల్లగా పులియాల్సిన ఈస్ట్‌ను వేడిగా పరిగెత్తిస్తే పండ్ల వాసనలు వేస్తుందట. వేరే దేశాల్లో అలాంటి బీర్లు కావాలని చేసుకుంటారట. పిల్సెన్‌వాడు మాత్రం ముక్కు దగ్గరికి రానివ్వడట. అదంతా ఆయన మామూలు గొంతుతోనే చెప్పారు. కేకలేస్తే బాగుండేదనిపించింది. సీసాలు రెండూ పైకి తెమ్మని మా ఆయనతో అన్నారు.

వెనక పెరట్లో మోకాలి లోతు మంచు. మా ఆయన ఒక్కో సీసానూ వంచి పారబోస్తుంటే పచ్చటి గుంటలు పడుతున్నాయి. అత్తగారు పవిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. అప్పుడు పెద్దాయన నవ్వారు. నేను బిత్తరపోయాను.

"మా ఊరి బీరు పుట్టింది ఇలాగే" అన్నారు.

నూట అరవై, నూట డెబ్భై ఏళ్ళ కిందట పిల్సెన్‌లో బీరు మహా దరిద్రంగా ఉండేదట. ఒక ఏడాది జనం విసిగిపోయి పీపాలు దొర్లించుకొచ్చి, టౌన్ హాల్ ముందు అందరూ చూస్తుండగా పారబోశారట. ఆ తర్వాత ఊరి బీరు వర్తకులంతా కలిసి కొత్త బ్రూవరీ కట్టుకుని, పక్కనున్న బవేరియా నుంచి ఒక బ్రూవర్‌ను తెచ్చుకున్నారు. ఆయన ఎవరితోనూ పడని కోపిష్ఠి అట, నాకు ఆయన అక్కడే నచ్చాడు. చల్లని సెల్లార్లలో పులియబెట్టే పద్ధతి ఆయన తెచ్చాడు. మెత్తటి నీళ్ళు, లేత రంగు బార్లీ మాల్ట్, సువాసన హాప్స్ ఆ ప్రాంతంలో ముందే ఉన్నాయి. అప్పటిదాకా బీరంటే నల్లగానో, మడ్డిగానో ఉండేది. మొదటి పీపా తెరిచి గ్లాసులో పోస్తే బంగారం రంగులో, అవతలి మనిషి కనిపించేంత తేటగా వచ్చిందట. ఇవాళ ప్రపంచంలో అమ్మే లేత రంగు బీర్లలో ఎక్కువ భాగం దానికి మంచివో చెడ్డవో నకళ్ళేనని ఆయన అన్నారు.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ ఒక్క ప్రశ్న అడిగారు. "అయితే మళ్ళీ ఎప్పుడు కాస్తాడంట?"

అదే చిక్కు. ఆరు వారాలు బరువులెత్తకూడదని, ఒంగి పనిచేయకూడదని డాక్టర్ చెప్పాడు. ఆరు వారాలు ఆగితే ఏప్రిల్‌కు ఏమీ ఉండదు. మా ఆయనా నేనూ చేతులరువిస్తామన్నాం. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతారు, మేం చేస్తాం. అత్తగారు మాత్రం రానన్నారు. "సారా కాచిన చేతుల్తో పొద్దున్నే దీపం పెట్టమంటావా? తెనాల్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా?" అన్నారు. పాపం వచ్చి చూస్తానన్నారు, అదీ బేస్‌మెంట్ పై మెట్టు మీద కూర్చుని.

ఫిబ్రవరి మొదటి శనివారం పొద్దున మొదలుపెట్టాం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా పట్టి గోరువెచ్చని నీళ్ళలో కలపడంతో మొదలు. "చంటిపిల్లల ఉగ్గుకి మొలకలు కట్టి వేయించినట్టేగా" అని పై మెట్టు మీంచి వినపడింది. నీళ్ళ సంగతి చెబితే ఆవిడకు అసలు వివరించాల్సిన పనే లేకపోయింది. "ఉప్పునీళ్ళల్లో కందిపప్పు ఉడకదు, మాకు తెలీదా" అన్నారు.

తర్వాత అసలు పని. చెక్ వాళ్ళు ఆ బార్లీ ముద్దను మొత్తంగా వేడి చేయరు. అందులోంచి చిక్కటి భాగం మూడోవంతు తీసి, వేరే గిన్నెలో కుతకుతా ఉడికించి, మళ్ళీ తెచ్చి మిగతాదాంట్లో కలుపుతారు. దాంతో మొత్తం వేడి కొంత పెరుగుతుంది. అలా రెండుసార్లు. థర్మామీటర్లు లేని కాలంలో పుట్టిన పద్ధతట. అలా ఉడికించడం వల్లే ఆ బీరుకు దోరగా కాల్చిన రొట్టె రుచి వస్తుందట. నేను దీన్ని రెండుసార్లు చెప్పి ఇంకా తికమకపడుతుంటే, "చన్నీళ్ళల్లో వేణ్ణీళ్ళు పోసి తొరుపుకోవడమే కదమ్మాయీ" అని మళ్ళీ పైనుంచే తేల్చేశారు అత్తగారు.

ఉడికే ముద్దను ఆపకుండా కలుపుతూ ఉండాలి. మా ఆయన తెడ్డును కీబోర్డులా వాడాడు. నేను పది నిమిషాలు కలిపేసరికి భుజాలు పడిపోయాయి. ఇద్దరం చేతులు మార్చుకుంటుండగా పెద్దాయన ఇంకా ఏమీ గమనించలేదు, నేనూ గమనించలేదు. పై మెట్టు మీద కూర్చున్న మనిషి ముక్కు మాత్రం పట్టేసింది.

"అడుగంటతంది" అంటూ ఆవిడ దిగొచ్చారు. కొంగు బిగించి, నన్ను పక్కకు నెట్టి తెడ్డు తీసుకున్నారు. గిన్నె అడుగును ఒక్క అంగుళం వదలకుండా గీరుతూ తిప్పడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళుగా అరిసెల పాకాలు పట్టిన చేయి అది. మంట తగ్గించమని నావైపు చూడకుండానే చెప్పారు. పెద్దాయన కుర్చీలో ముందుకు ఒంగి ఆ చేతినే చూస్తున్నారు.

"మరి దీపం?" అన్నాను, ఊరుకోలేక.

"ఇప్పటికిది బార్లీ జావేగా. ఇందులో నిషా ఏముంది? సారా అయ్యేది రేపెప్పుడో, వాళ్ళింట్లో" అన్నారు ఆవిడ, చేయి ఆపకుండా.

న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు లేదు. ఈస్ట్ వేసేదాకా అది ఉత్త తీపి నీళ్ళే. వడకట్టాక ఒక చెంచాడు చేతిలో వేయించుకుని రుచి కూడా చూసి, పానకంలా ఉందన్నారు. హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, సీసాల్లో నింపేదాకా అక్కడే ఉన్నారు. పెద్దాయన ఫ్రిజ్‌లోంచి ఈస్ట్ తీయడం చూసి మాత్రం తెడ్డు కడిగి గోడకానించి, "ఇక్కడ్నించి మీ ఇష్టం" అని ఇంటికి వెళ్ళి తలస్నానం చేశారు.

ఆ తర్వాత రెండు నెలలూ ఆ గదికి ఆవిడే కాపలా. స్వెటరు మీద స్వెటరు, తలకు మఫ్లరు, రోజూ పొద్దునా సాయంత్రం వెళ్ళి కిటికీ తెరిచే ఉందా లేదా చూసొచ్చేవారు. పులవడం అయ్యాక బీరును పాత ఫ్రిజ్‌లోకి మార్చాం. ఆ ఫ్రిజ్ తలుపు మా ఆయన ఊరికే తెరిస్తే ఆవిడ ఊరుకునేవారు కాదు.

ఏప్రిల్‌లో అన్న వచ్చాడు. పెద్దాయన కంటే పొడుగు, ఒళ్ళంతా ఎముకలే. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మొదటి రెండు రోజులు వాళ్ళిద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పెరట్లోకి చూస్తుండడం మా వంటింటి కిటికీలోంచి కనిపించేది. పెదవులు కదలడం నేను చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం పెద్దాయన మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచారు. కొత్త చొక్కా వేసుకున్నారు. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగారు.

పోశారు. మూడు వేళ్ళ నురగ, కింద బంగారం రంగు. అన్న గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. వాసన చూశాడు. పెద్ద గుక్క తాగాడు, ఆగాడు, ఇంకో గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టి ఒకే ఒక్క మాట అన్నాడు. పెద్దాయన తల వంచుకున్నారు.

"ఏమంటాడు?" అని అత్తగారు నన్ను గిచ్చారు. నేను పెద్దాయనను అడగాల్సి వచ్చింది.

"పచ్చిగా ఉంది అన్నాడు" అన్నారాయన. "నిజమే. తొంభై రోజులు పడుండాల్సింది, యాభై కూడా కాలేదు."

ఎందుకు కాలేదో ఆయన తన అన్నకు చెప్పలేదు. మామీద ఒక్క మాట పడనివ్వలేదు. అది నాకు అర్థమయ్యే లోపలే అత్తగారు లేచి నిలబడ్డారు.

"తప్పు నాదని చెప్పు. మొదట కాసింది మంచిదేనని, నేను దుప్పట్లు కప్పి చెడగొట్టానని చెప్పు. తమ్ముణ్ణి ఏమీ అనొద్దని చెప్పు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన వద్దన్నట్టు చేయి ఊపారు. అత్తగారు కూర్చోలేదు. చివరికి ఆయన చెక్‌లో చెప్పారు. అన్న విన్నాడు. ఎన్ని దుప్పట్లు అని అడిగాడు. రెండు అని అత్తగారు వేళ్ళు చూపించారు. హీటర్ కూడానా అని అడిగాడు. హీటర్ కూడా. అన్న మొహం అంతవరకూ చెక్కలా ఉంది. ఎక్కడో లోపల మొదలైన నవ్వు భుజాలదాకా వచ్చి, దగ్గు పట్టుకుని, కళ్ళనీళ్ళు తిరిగాయి. తమ్ముడి మోకాలి మీద చేత్తో కొట్టాడు. ఈ రెండోసారి ముద్ద ఉడికించిందెవరని అడిగాడు. పెద్దాయన అత్తగారి వైపు చూపించారు. అన్న ఆవిడకు తల వంచి ఏదో అన్నాడు. ఎక్కడా మాడలేదు, మంచి చేయి, బీరుకు లోటల్లా కాలం ఒక్కటే అని అర్థమట.

తర్వాత గ్లాసు తీసుకుని మిగిలింది తాగాడు. తాగుతూ లెక్కపెడుతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడితో మాట్లాడడం మొదలుపెట్టాడు, ఒక మాట కాదు, చాలా మాటలు. పెద్దాయన వింటూ వింటూ గోడవైపు తిరిగిపోయారు. కాసేపటికి నాతో అన్నారు, "ఇంకో ఐదు వారాలు కావాలట. దీన్ని పచ్చిగా తాగి వెళ్ళిపోవడం పాపమట. టికెట్ మార్చడం కుదురుతుందా అని అడుగుతున్నాడు. నాకు ఫోన్లో వాళ్ళ ఇంగ్లీషు అర్థం కాదు, మీరు మాట్లాడతారా?"

నేను అక్కడే, అందరి మధ్యా కూర్చుని ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేశాను. అరగంట సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది. టికెట్ నంబరు చదివాను. మార్చవచ్చు, ఏ తేదీకి కావాలి అని అడిగింది. నేను గోడమీది క్యాలెండర్‌లో ఐదు వారాలు లెక్కపెట్టి మే నెలలో ఒక శనివారం చెప్పబోతుంటే, పెద్దాయన నా మోచేయి పట్టుకున్నారు.

"ఆరు అనండి" అన్నారు మెల్లగా.

నేను ఫోన్ చేత్తో మూశాను. "బీరుకు ఐదు చాలన్నారు కదా?"

"బీరుకు చాలు" అన్నారాయన.